మూడు గొంతుల నీళ్ళు

కారాకూల్,
9 ఫిబ్రవరి 1975

ఒరే నిషాన్,

ఎండు జల్దారు పళ్ళ సంచీ అందింది. అంటే సగం అందింది. మిగతా సగం దారిలో ఎలుకల విందుకు పోయింది. ఆ సంచీ మీ ఆవిడే కుట్టిందా? దానికి కుట్టు రాదని మీ పెళ్ళినాడే చెప్పాను, నువ్వు వింటేగా. మిగిలినవి నానబెట్టి మీ బావకు పెట్టాను. నోట్లో వేసుకోకముందే, వాసనకే, మర్గిలాన్ పళ్ళని పట్టేశాడు.

వాసనకే పట్టేశాడని ఊరికే రాయలేదురా. రెండో కన్ను కూడా పోయింది. నీటికాసులు. బుఖారాలో పెద్ద డాక్టరు లైటు వేసి చూసి, ఇక కళ్ళజోడు కూడా దండగ అన్నాడు. తోళ్ళ కార్ఖానాలో గొర్రెపిల్ల తోలు చేతికివ్వగానే ఉన్ని ఉంగరం చూసి, రంగు చూసి రకం చెప్పేది మీ బావే కదా. ఉంగరం ఇప్పటికీ వేళ్ళకి తెలుస్తుంది. రంగు తెలియదు. రంగు తెలియనివాడితో వాళ్ళకేం పని, ఇంటికి పంపేశారు. నన్ను మాత్రం కార్ఖానా వంటింట్లో ఉండనిచ్చారు, అదే గంజినీళ్ళకి ఆధారం.

నేను పొద్దున పోయి మధ్యాహ్నం దాటాక వస్తాను. ఆయన్ని ఏ మూల కూర్చోబెట్టి వెళ్తానో ఆ మూలే ఉంటాడు. టీ అలాగే చల్లారిపోయి ఉంటుంది. మొదట్లో లోవాకిట్లోకి వచ్చేవాడు. ఒకరోజు రొట్టెల పొయ్యి మీద పడి చెయ్యి కాల్చుకున్నాడు, అంతే, ఇక గడప దాటడు. నిన్న అన్నాడు కదా, "యోకుత్, ఈ ఇంట్లో నేనొక మూటని. ఎక్కడ పెడితే అక్కడుంటాను." ఆ తర్వాత కాసేపటికి మేకను కట్టే తాడు ఎక్కడుందని అడిగాడు. మేక చచ్చి రెండేళ్ళయింది. తాడు తీసుకెళ్ళి గోడ అవతల ముహియా ఇంట్లో దాచాను. ఎందుకని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

మన నాన్న లోవాకిట్లో బావ కళ్ళు మూసుకుని అరుగు మీద పడుకునేవాడు, గుర్తుందా? కాలవ చప్పుడు మారితే ఎవరు దాటారో చెప్పేవాడు. "ఇది నిషాన్, వీడు ఎప్పుడూ రాయి మీదే కాలేస్తాడు" అనేవాడు. నిన్న రాత్రి అది గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. నువ్వు ఊళ్ళోవాళ్ళ వాకిళ్ళన్నిటికీ కాలవలు, నీళ్ళ హౌజులు కట్టి పెడతావు కదరా. మీ బావకు ఒకటి కట్టిపెట్టు. చూడ్డానికి కాదు, వినడానికి. చెవులతో నడిచే వాకిలి కావాలి.

మా వాకిలి నువ్వు చూసిందే. వీధి తలుపు పక్కన గోడ కిందనుంచి కాలవ లోపలికొస్తుంది, వంటింటి ముందునుంచి పోయి, వాకిలి నడిమధ్యగా అవతలి గోడకు చేరి, తూములోంచి ముహియా ఇంట్లోకి దిగుతుంది. వాళ్ళ వాకిలి మాకంటే పల్లం. అంతే. నువ్వు రావాలంటే వసంతంలో నీ పనులన్నీ చెడతాయి, నాకు తెలుసు. గీసి పంపు, ఇక్కడ మేస్త్రీ ఉన్నాడు.

నీ అక్క
యోకుత్


మర్గిలాన్,
24 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలు ఏడ్చింది. సంచీ కుట్టు సంగతి చదివాక ఏడుపు ఆపేసి కోపం తెచ్చుకుంది. కనక ఇద్దరికీ మంచే జరిగింది.

బావ సంగతి ఏం రాయను. రాయడానికి చేతకాదు. చేతనయింది రాస్తాను.

మూడు గొంతులు పెడదాం. వీధి తలుపు దగ్గర లావు గొంతు. అక్కడ ఒక పెద్ద కూజాను మెడదాకా మట్టిలో పాతండి, దాని మూతి మీద పలకరాయి సగం కప్పి, కాలవ ఆ పలక అంచునుంచి కూజాలోకి పడేట్టు చేయండి. కూజా పక్కకి ఒక చిల్లు ఉండాలి, లోపల సగం గాలి ఉండాలి. బుడుంగు బుడుంగుమని ముసలాయన గొణిగినట్టు ఉంటుంది. వంటింటి ముందు సన్న గొంతు. విల్లో కొమ్మను తొలిచి దోనెలా చేసి, జానెడు ఎత్తునుంచి గులకరాళ్ళ మీద పడనివ్వాలి. చిటపటలాడుతుంది, నీలాగే. నడిమధ్య హౌజు. మంచమంత చాలు. నీళ్ళు దాంట్లోకి వెడల్పు రాతి పెదవి మీదుగా పలచగా దిగాలి, అప్పుడు పట్టుబట్ట చింపినట్టు ఒకటే శబ్దం వస్తుంది.

ఇక బావ వాకిట్లో ఎక్కడ నిలబడినా, గొణుగుడు ఎటుందో అటు వీధి, చిటపట ఎటుందో అటు వంటిల్లు, పట్టు చిరిగేవైపు మాత్రం పోకూడదు. మూడూ ఒకదాంట్లో ఒకటి కలవకూడదు, అదే నేర్పు. కాగితం మీద కొలతలన్నీ గీశాను. హౌజు నడుం లోతు ఉండాలి. లోతు తక్కువైతే ఎండకి నీళ్ళు కాగి పచ్చగా పాకుడు పడతాయి.

నీళ్ళ వేగం అడగక్కర్లేదు, నాకు గుర్తే. నీ పెళ్ళికి వచ్చినప్పుడు ఆ కాలవలో కాళ్ళు కడుక్కుంటే ఒక చెప్పు ముహియా వాళ్ళింట్లోకి కొట్టుకుపోయింది. అంత ధార ఉంటే నేను నీళ్ళతో పాట పాడిస్తాను.

ఇక్కడ ఒక పెద్ద ఆఫీసరు భార్య తన హౌజులో సిమెంటు హంస కావాలంటోంది. హంస నోట్లోంచి నీళ్ళు రావాలట. అమ్మా, హంసకి వాంతులైతే చుట్టాలు టీ తాగుతారా అన్నాను. పని పోయింది. పోనీ.

తమ్ముడు
నిషాన్


కారాకూల్,
22 మార్చి

నిషాన్,

మేస్త్రీ నీ కాగితం తిరగేసి మరగేసి చూసి, దీన్ని గీసినవాడు నీళ్ళతో ఆడుకుంటాడా తాగుతాడా అని అడిగాడు. రెండూ చేస్తాడన్నాను. పని సగమైంది. పొలాలకు నీళ్ళు పెట్టి మట్టిలో ఉప్పు కడిగే రోజులు కదా, కాలవ పొంగిపొర్లుతోంది, తవ్వడానికి కుదరక తల ప్రాణం తోకకొచ్చింది.

మా నీరుగంటి ఇస్తాత్ వచ్చి చూశాడు. "వదినా, మా హమ్రా అన్నకి వాయించే దుతార చేయిస్తున్నావా, హౌజు చేయిస్తున్నావా" అన్నాడు. మంచివాడే, నోరే దురుసు. ఒక్క షరతు పెట్టాడు. హౌజు అడుగు తూముకు పెట్టే కొయ్య బిరడా ముహియా వైపు ఉండాలట, ఆవిడ గోడ అవతలినుంచి లాగడానికి వీలుగా. మా ఊళ్ళో హౌజున్న ప్రతి ఇంటికీ అంతే. పైవాడు నీళ్ళు దాచుకోకూడదు. సరేనన్నాను.

గులకరాళ్ళు బండెడు దింపారు. మిగిలినవి ముహియా అడిగితే ఇచ్చేశాను, వాళ్ళ వైపు తూము కింద మట్టి కోసుకుపోతోందని పోసుకుంది.

ఒక్క మాట. హౌజు చుట్టూ మోకాలెత్తు గోడ కట్టిద్దామనుకుంటున్నాను. లేదా నాలుగు గుంజలు పాతి కర్రలు కట్టినా చాలు. నీ గీతలో అంచు నేలకు సమంగా ఉంది. నాకు భయంగా ఉందిరా.

బావ ఇంకా గడప దాటలేదు. చెవి మాత్రం ఇటే ఉంది. కూజా పాతినరోజు లోపలినుంచి అరిచాడు, చిల్లు పెద్దదైంది, గొంతు పగిలిందని. నిజమే. మార్చాం.

అక్క


మర్గిలాన్,
4 ఏప్రిల్

అక్కా,

గోడా? గుంజలా? అది హౌజా, దూడలదొడ్డా? నాన్న బతికుంటే నన్ను చెప్పుతో కొట్టేవాడు. హౌజు అంచు నేలకు సమంగా ఉండి, నీళ్ళు అంచుదాకా నిండి ఉంటేనే అది హౌజు. ఇంకో సంగతి, గోడ కడితే పెదవి మీంచి దిగే శబ్దం గోడ లోపలే తిరిగి మొద్దుబారుతుంది. బావకు అది ఎటునుంచి వస్తోందో తెలియదు. అప్పుడే ప్రమాదం. నీళ్ళే కంచె అక్కా. పొద్దస్తమానం "ఇటు రాకు, ఇటు రాకు" అని చెబుతూనే ఉంటాయి. అంతకంటే కావలి ఏముంటుంది?

చూడ్డానికెవరున్నారని నువ్వంటావు. నువ్వున్నావుగా.

బిరడా గోల నాకు అర్థం కాలేదు. నీళ్ళు దాచుకోవడమేమిటి, ఎవరైనా గాలి దాచుకుంటారా? మీ ఊరివాళ్ళు మరీ చాదస్తులు. ఎటు పెట్టినా నాకొకటే, పెట్టనీ.

రాత్రుళ్ళు చప్పుడుకి నిద్ర పట్టడం లేదని కాలవకు అడ్డం పెట్టేవు సుమా. పెట్టకు. బావ రాత్రి లేచినా దారి తెలియాలి.

నిషాన్


కారాకూల్,
29 ఏప్రిల్

నాన్నా నిషాన్,

నిన్ను నాన్నా అని పిలిచి ఎన్నాళ్ళయిందో. ఇవాళ పిలవబుద్ధేసింది.

మీ బావ నడుస్తున్నాడు. నేను పనినుంచి వచ్చేసరికి వీధి తలుపు దగ్గర నిలబడి దారేపోయే ప్రతివాడినీ పలకరిస్తున్నాడు. మొదటిరోజు గడప పట్టుకుని నిలబడి వింటూనే ఉన్నాడు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. "యోకుత్, నువ్వు చిటపట దగ్గరున్నావు, నీ కొంగు నీళ్ళలో పడింది, చూసుకో" అన్నాడు. నిజంగానే పడింది. తర్వాత ఒక్కో అడుగూ వేసుకుంటూ నా దగ్గరికి వచ్చేశాడు, చెయ్యి చాచకుండా, మామూలు మనిషిలా. రొట్టె మాడిపోయింది.

ఇప్పుడు వాకిలంతా ఆయనదే. తనే టీ కాచుకుంటాడు. మొన్న మంచంమీదనుంచే "దోనెలో ఆకు అడ్డం పడింది" అని లేచి వెళ్ళి తీసి వచ్చాడు. కార్ఖానావాళ్ళు ఇద్దరు ముగ్గురు తోళ్ళు పట్టుకొస్తున్నారు, అరుగు మీద కూర్చుని ఉంగరం తడిమి చెబుతాడు, రంగు వాళ్ళు చెబుతారు. మళ్ళీ మీసం దువ్వుకుంటున్నాడు. నిన్న తాడు అడిగాడు. ఎందుకని అడిగాను. ద్రాక్షతీగ జారిపోతోంది, పందిరికి కట్టాలట. ముహియా దగ్గర్నుంచి తెచ్చి ఇచ్చాను. కట్టాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఎండాకాలం సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది, అది ఎప్పుడూ ఉన్నదే. ఎలాగో గడుపుతాం. ఆయనకూ తెలిసిన విషయమే, ఇక్కడ పుట్టినవాడేగా.

నీ చేతులు చల్లగుండాలి.

నీ అక్క


మర్గిలాన్,
20 మే

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను. టీ అంగడిలో ముగ్గురికి చదివి వినిపించాను. మీ మరదలు నాలుగోసారి విననంది.

ఎండాకాలం అన్నావు కదా, మీ వైపు వడగాలి జోరని విన్నాను. పందిరి వంటింటిదాకా పొడిగించు, గుమ్మాలకు తడిపిన తుంగచాపలు కట్టు. హౌజు పక్కన రెండు దానిమ్మ మొక్కలు పెట్టు. నీళ్ళు పక్కన పారుతుంటే ఏ ఎండైనా ఏం చేస్తుంది?

ఒకటి చెబుతాను, కోప్పడకు. ఇక బావ చెయ్యి అస్సలు పట్టుకోకు. మనిషి చెయ్యి దొరికితే చెవి బద్ధకిస్తుంది. నువ్వు ఉన్నా లేకపోయినా ఆయన నీళ్ళనే నమ్ముకోవాలి.

హౌజుకి మేస్త్రీ పెట్టిన పెదవి నాకు తృప్తిగా లేదు. నేనే ఒకటి చెక్కుతున్నాను, చేప నోరులా. దాంతో పట్టు శబ్దం ఇంకా సన్నగా, ఇంకా గుర్తుపట్టేట్టు వస్తుంది. మా వీధి లారీ డ్రైవరు జులైలో బుఖారా వెళ్తాడు, వాడితో పంపుతాను.

కూవాలో ఒకాయన ఈ మూడు గొంతుల వాకిలి సంగతి విని, తనకూ కట్టమన్నాడు. చూశావా, మా బావ నాకు పేరు తెచ్చిపెట్టాడు.

నిషాన్


కారాకూల్,
11 జులై

నిషాన్‌కు,

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. మీ బావ లోపలే పడుకుని ఉంటున్నాడు. నాకు తీరిక లేదు, అందుకే రాయలేదు. రాయి పంపకు. ఇప్పుడేం అక్కర్లేదు.

మరదలిని అడిగానని చెప్పు.

యోకుత్


మర్గిలాన్,
2 ఆగస్టు

అక్కా,

ఆ ఉత్తరం నువ్వే రాశావా, పక్కింటివాళ్ళ చేత రాయించావా? ఒక తిట్టు లేదు, ఒక దెప్పు లేదు. మీ మరదలు కూడా అడిగింది, వదినగారికి ఒంట్లో బాగాలేదా అని.

రాయి అప్పటికే పంపేశాను. ఆ డ్రైవరు వెధవ వేరే ఇంట్లో దింపి వచ్చాడు. ఏడురోజుల తర్వాత వచ్చి, "మీ అక్కయ్యగారి వాకిట్లో కాలవ ఎండిపోయి ఉంది, కాలవలో కుక్క పడుకుని ఉంది, ఒకావిడ రాయి తీసుకుని తలుపేసుకుంది" అన్నాడు. మీ కాలవలో నీళ్ళు లేకపోవడమేమిటి? నా చెప్పు కొట్టుకుపోయిన కాలవ అది. అడ్రసు చదవడం రాదా అని నాలుగు చీవాట్లు పెట్టాను. నా ఎదురుగా నిలబడి ఒట్టేస్తాడు పైగా. ఆ రాయి ఎవరింట్లో దిగిందో ఇస్తాత్‌ని అడిగి కనుక్కో. నెల్లాళ్ళు చెక్కాను అక్కా.

నేను అనుకునేది ఒకటి. బావకు ఎక్కడో నచ్చలేదు. లావు గొంతు రాత్రుళ్ళు విసుగ్గా ఉందా? ఉంటే కూజాలో రెండు గుప్పిళ్ళ ఇసక వేస్తే సరిపోతుంది. లేదా ముహియా ఏమైనా అందా? మొహమాటపడకుండా రాయి. నేనేం అనుకోను. సెప్టెంబరులో నేనూ మీ మరదలూ వద్దామనుకుంటున్నాం. బావతో కలిసి కళ్ళు మూసుకుని ఒకసారి నడవాలి.

నిషాన్


కారాకూల్,
14 సెప్టెంబరు

నిషాన్,

నువ్వు కూర్చుని చదువు. మరదల్ని పక్కన కూర్చోబెట్టుకో.

మీ బావ పోయాడు. ఆగస్టు చివర్లో. ఆ మధ్యాహ్నమే సాగనంపేశారు. నీకు తంతి ఇవ్వలేదు. సొంత తమ్ముణ్ణి పిలవకుండా మొగుణ్ణి మట్టిచేసిన ఆడది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అని ఆడవాళ్ళు మొహంమీదే అన్నారు. అననీ. పిలిస్తే నువ్వు వస్తావు. వస్తే వాకిట్లోకి వస్తావు. నేను చెప్పకముందే చూస్తావు. అది నా వల్ల కాలేదు.

నీ డ్రైవరును తిట్టావే, పాపం వాడు సరైన ఇంటికే వచ్చాడు. రాయి ఇక్కడే ఉంది. తలుపేసుకున్నది నేనే.

మాకు జూన్ నెలాఖరుకి కాలవ ఆగిపోతుందిరా. ప్రతి ఏడూ ఆగేదే. నదికి చిట్టచివర ఉన్నవాళ్ళం. పత్తికి నీళ్ళు కావాలి, పైనున్న పొలాలు ముందు తీసుకుంటాయి, మిగిలితే మాకు వంతులు. ఆగగానే ముహియా బిరడా లాగి హౌజులో మిగిలినవి తీసుకోవాలి, అందుకే బిరడా అటువైపు. ఇక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి. నీకు తెలియదని నాకెప్పుడూ తోచలేదు. ఎండాకాలం సంగతి కొత్తగా చెప్పేదేముంది అని రాశాను చూడు, అది ఇదే. నువ్వు తుంగచాపలు కట్టమన్నావు. నేను నవ్వుకుని, వీడికి ఎప్పుడూ వేళాకోళమే అనుకున్నాను.

నీళ్ళు ఆగిన రోజునుంచి గదిలోనే ఉండాలని నేనూ ఆయనా అనుకున్నాం. ఇస్తాత్ ఫలానా రోజని చెప్పాడు కూడా. పైవాళ్ళు ముందే కట్టేశారు. ఇస్తాత్‌కే తెలియదు. నేను పనిలో ఉన్నాను. ఆయన వీధి తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడి వెనక్కి వస్తున్నాడు. వాకిలి మధ్యలో ఉండగా ముందు గొణుగుడు పోయిందట. తర్వాత చిటపట పోయింది. తర్వాత పట్టు. ఇంట్లో దీపాలు ఎవరో ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వెళ్ళినట్టయింది అన్నాడు. నేను లేనని తెలిసీ నన్ను పిలిచాడట. ఎండలో నిలబడ్డాడు, ఎటు తిరిగి ఉన్నాడో కూడా తెలియకుండా. "అక్కడే కూర్చోవచ్చు కదా, నేనొచ్చేదాకా" అని తర్వాత అడిగాను. "కూర్చుంటే మళ్ళీ మూటనైపోతాననిపించింది యోకుత్" అన్నాడు.

అప్పుడు చిటపట మళ్ళీ మొదలైంది. వంటింటి నీళ్ళు తిరిగొచ్చాయనుకున్నాడు. వెంటనే కదల్లేదు, మోసమేమోనని చాలాసేపు విన్నాడట. తెలివైనవాడు కదా. అటూ ఇటూ తల తిప్పి విన్నాడు, అదే చప్పుడు. ఆ చాలాసేపట్లో హౌజు దాదాపు ఖాళీ అయింది. అది వంటిల్లు కాదు. ముహియా బిరడా లాగింది. హౌజు నీళ్ళు గోడ అవతల, నేనిచ్చిన గులకరాళ్ళ మీద పడుతున్నాయి. ఆ చప్పుడు పట్టుకుని తిన్నగా నడిచాడు, చెయ్యి చాచకుండా. నీళ్ళుంటే తడిసి లేచేవాడు. రాతి అడుగు మీద పడ్డాడు. తుంటి విరిగింది.

రెండు నెలలు మంచంలో ఉన్నాడు. ఒళ్ళు పుండ్లు పడింది, తర్వాత ఊపిరితిత్తులు. మధ్యలో మాకు వంతు వచ్చిన రోజుల్లో కాలవ పారేది. తలుపు వెయ్యమనేవాడు. నిన్ను ఒక్కసారీ ఏమీ అనలేదు. నన్నూ అనలేదు. అంటే బాగుండేది.

ఏ చప్పుడు విని నడిచాడో ముహియాకు తెలియదు. రోజూ సూప్ పట్టుకొచ్చి కూర్చుంటుంది. నేను చెప్పను. నువ్వూ ఎన్నడూ చెప్పకు.

యోకుత్


మర్గిలాన్,
1 అక్టోబరు

అక్కా,

నాలుగుసార్లు రాసి చింపాను.

నీళ్ళు ఆగుతాయని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? ఒక్క ముక్క. గోడ కట్టమనేవాణ్ణి. గోడేమిటి, అసలు హౌజే వద్దనేవాణ్ణి. బావ పాడె నా భుజం మీద ఉండాల్సింది. అది కూడా లేకుండా చేశావు.

కూవా ఆయన మళ్ళీ మనిషిని పంపాడు. అలాంటి వాకిలి కట్టడం నాకు రాదని చెప్పి పంపేశాను.

నేను బయల్దేరుతున్నాను. ఆపకు.

నిషాన్


కారాకూల్,
19 అక్టోబరు

నిషాన్,

రావద్దు. నా మీద ఒట్టు.

నేను ఎందుకు రాయలేదని అడిగావు. నువ్వెందుకు అడగలేదని నేనూ అడగొచ్చు. బిరడా సంగతి రాసినప్పుడు చాదస్తమన్నావు. గోడ కడతానంటే దూడలదొడ్డి అన్నావు. నేను మాత్రం తమ్ముడికి తెలుసు కదా అని ఊరుకున్నాను. ఇద్దరం కలిసే చేశాం. ఇది రాయడానికి నాకేం సంతోషంగా లేదు. ఇక దీని గురించి నువ్వూ రాయకు, నేనూ రాయను.

ఒక పని ఉంది, అందుకే ఈ ఉత్తరం. పత్తి అయిపోయింది, కాలవ మళ్ళీ వచ్చింది. రాత్రీ పగలూ పారుతోంది. మూడూ మొదలెట్టాయి. గొణుగుడు వినపడగానే ఆయన వీధి తలుపు దగ్గర ఉన్నాడనిపిస్తుంది. చిటపట వినపడితే టీ కాచుకుంటున్నాడని లేస్తాను. ఎన్నిసార్లు లేచానో. మొన్న కార్ఖానానుంచి దూది తెచ్చి దోనెలోనూ కూజాలోనూ కుక్కాను. రాత్రి చప్పుడు లేదు, నిద్రపోయాను. పొద్దున లేచి చూస్తే నీళ్ళు వెనక్కి తన్ని వీధిలోకి పోతున్నాయి, ముహియా వైపు తూము ఎండిపోయి ఉంది. ఆవిడ బిందె పట్టుకుని వీధి పంపు దగ్గరికి వెళ్తోంది. దూది తీసేశాను.

నీళ్ళు ఆపకూడదు. అవి ఆవిడవి. కాని చప్పుడు ఆపాలి. నీళ్ళు మాట్లాడకుండా ఎలా పోతాయో అది నాకు గీసి పంపు. నీకు తెలిసే ఉంటుంది.

అక్క


మర్గిలాన్,
3 నవంబరు

అక్కా,

ఒట్టు పెట్టావు కనక రావడం లేదు. గీత ఈ కాగితం వెనక ఉంది. మేస్త్రీకి చూపించు. నీకు అర్థమయ్యేట్టు ఇక్కడ రాస్తున్నాను.

కూజాను తీయొద్దు, తీస్తే గుంట మిగిలి నీళ్ళు సుడి తిరుగుతాయి. మూతిదాకా ఇసకతో నింపి, పైన బంకమట్టి కొట్టి, పలకరాయి దాని మీద బోర్లా పరవండి. నీళ్ళు దాని మీదుగా చప్పుడు లేకుండా జారిపోతాయి. దోనె పీకేయండి. గులకరాళ్ళన్నీ ఏరేయండి, ఒక్కటి కూడా ఉండకూడదు. కాలవ అడుగంతా బంకమట్టి పూసి, వీధి గోడనుంచి అవతలి గోడదాకా ఒకే వాలు ఉండేట్టు చదును చేయించు. ఎక్కడా మెట్టు ఉండకూడదు. నీళ్ళు దిగేచోటే మాట్లాడతాయి. హౌజును మట్టితో నింపించు. మట్టి దిగబడుతుంది, కనక ఒక వాన పడనిచ్చి మళ్ళీ నింపి, దాని మీదుగా కాలవ తిన్నగా తీయించు. చేప నోరు రాయి కింద వేసి పూడ్చేయి. మట్టి పోసేటప్పుడు నువ్వు ఇంట్లో ఉండకు, పనికి వెళ్ళిపో.

ఇదంతా చేస్తే మీ వాకిట్లో నీళ్ళు మాట్లాడవు. నేను హామీ ఇస్తాను.

ఒక్కచోట మాత్రం నా వల్ల కాదు. గోడ కింది తూములోంచి ముహియా వాకిట్లోకి దిగేచోటు. వాళ్ళది పల్లం, దిగక తప్పదు. ఇన్నాళ్ళూ హౌజు శబ్దం దాన్ని కప్పేసింది, ఇక అదొక్కటే వినపడుతుంది. ఆవిడ వైపున్న గులకరాళ్ళు తీసేస్తే సగానికి సగం తగ్గుతుంది. కాని ఎందుకు తీయమంటున్నావో ఆవిడ అడుగుతుంది.

నిషాన్